వంద దగ్గర ఆగిన అంకె

యాకుత్‌పురా స్టేషన్‌లో దిగి బడా బజార్ వైపు నడుస్తున్నారు మీరు. రాత్రి పది దాటింది. ఒక మిఠాయి కొట్టు షట్టర్ సగం దించి ఉంది. పక్క సందులో రెండు స్కూటర్లు అడ్డంగా పెట్టారు. వాటిని తప్పించుకుని లోపలికి వెళ్తే ఎడమ చేతి వైపు ఇరుకు మెట్లు. లైటు లేదు, గోడ పట్టుకుని ఎక్కండి. రెండో అంతస్తులో తలుపు తీసే ఉంది. చెప్పులు బయట విడవండి.

గదిలో మూడు మెషిన్లు. టేబుల్ మీద ఒక లాప్‌టాప్, కింద ఫ్యాన్ గాలి తగిలే చోట రెండు కంప్యూటర్లు. మూడింటి నుంచీ నీలం కేబుళ్లు ఒక చిన్న స్విచ్‌లోకి పోతున్నాయి. కుర్చీలో కూర్చున్నామెది నల్లగొండ వైపు. టెస్టింగ్ ఆమె పని. ఇక్కడ అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్న కుర్రవాడు ఈ గల్లీలోనే పుట్టి పెరిగాడు. ప్రోగ్రామ్ రాసింది అతనే.

"తమ్మీ, సర్వర్ లేపినవా?"

"లేపిన అక్కా. కొట్టు."

రంజాన్‌కు ఇంకా మూడు వారాలుంది. పాతబస్తీలోని కొన్ని హోటళ్లవాళ్లు కలిసి, హలీమ్ పార్సిల్ ముందే బుక్ చేసుకునేలా ఒక వెబ్‌సైట్ చేయించుకుంటున్నారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన వంటకం అది. పొద్దుటి నుంచి భట్టీ మీద దేగ్‌లో ఉడికి, కర్ర ఘోట్నీల దెబ్బలకు గోధుమా మాంసమూ ఒకటైతే గానీ తయారుకాదు. వంట గంటల తరబడి సాగుతుంది, కొనడం మాత్రం నిమిషాల్లో అయిపోతుంది. మామూలు షాపింగ్ సైటుకు జనం రోజంతా వస్తూ పోతూ ఉంటారు. ఇఫ్తార్ వేళ అలా కాదు. అది నిమిషంతో సహా క్యాలెండర్‌లో అచ్చయి ఉంటుంది. దానికి ముందు గంటలో అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఆ గంటలో ఖాతాలో డబ్బు కట్ అయి టోకెన్ రాకపోతే, ఉపవాసం ఉన్న మనిషి వచ్చి నిలదీసేది ప్రోగ్రామ్ రాసినవాణ్ణి కాదు, కౌంటర్ వెనక పార్సిల్ కడుతున్న పిల్లవాణ్ణి. అక్క ఇంత రాత్రి ఇక్కడ కూర్చున్నది అందుకే. ఈ పనిని నేను గౌరవించేదీ అందుకే. 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్లు దాటినవాళ్లకు టీకా నమోదు తెరవగానే కోవిన్ సైటు తొలి నిమిషాల్లోనే మొరాయించిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆ సాయంత్రం ఇద్దరూ ఫోన్లు పట్టుకుని ఓటీపీ కోసం ఎదురుచూసినవాళ్లే.

మొదటి టెస్టు చిన్నది, మెనూ పేజీ ఒక్కటే. అక్క లాప్‌టాప్‌లో లోడ్ టెస్టులు నడిపే జేమీటర్ తెరిచి ఉంది. సెకనుకు 600 మంది కొత్త కస్టమర్లు వచ్చి మెనూ చూసి వెళ్లిపోతున్నట్టు రాసింది. బటన్ నొక్కింది. తెర మీద పచ్చ వరుసలు పరుగెత్తాయి. ముప్పై సెకన్లు. నలభై. నలభై ఏడు దగ్గర ఒక్కసారిగా ఎర్రబడింది, ఆ తర్వాత వరుస తర్వాత వరుస ఎరుపే.

"సర్వర్ పోయిందా?" కుర్రవాడు చాప మీద నుంచి లేచాడు.

"నీ లాగ్ చూడు."

చూశాడు. సర్వర్ లాగ్‌లో తప్పు ఒక్కటీ లేదు. నలభై ఏడో సెకను నుంచి దాని దగ్గరికి వచ్చే రిక్వెస్టులే పలచబడ్డాయి. అక్క తన తెర మీది ఎర్ర వరుసను చదివింది: కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్. ఆ మాట అంటున్నది సర్వర్ కాదు, ఆమె ముందున్న లాప్‌టాప్.

బయటికి పోయే ప్రతి కనెక్షన్‌కూ లినక్స్ ఒక పోర్ట్ నంబర్ ఇస్తుంది. ఎవరూ మార్చకపోతే అవి 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232. ఒక సర్వర్‌లోని ఒక పోర్ట్‌కు ఒక ఐపీ నుంచి ఒకేసారి అంతకు మించి కనెక్షన్లు పోవు. అక్క రాసిన టెస్టులో ప్రతి కస్టమరూ కొత్తవాడే. కాబట్టి జేమీటర్ ప్రతి విడతకూ పాత కనెక్షన్ మూసి కొత్తది తెరుస్తోంది. మూసిన కనెక్షన్ వెంటనే మాయం కాదు. అక్క ఇంకో కిటికీలో, కనెక్షన్ల స్థితి చూపే ఎస్‌ఎస్ కమాండ్ కొట్టి చూపించింది: టైమ్‌వెయిట్, టైమ్‌వెయిట్, టైమ్‌వెయిట్. వేలకు వేలు.

ఫోన్లో ఒకరు "ఉంటా మరి" అంటే, అవతలివాళ్లు "సరే, ఉంటా" అన్నాకే కదా పెట్టేస్తాం. టీసీపీ కూడా అంతే. మూసేవాడు ఫిన్ అనే ముక్క పంపుతాడు, అవతలివాడు అందిందంటాడు. తన మాటలు అయ్యాక అవతలివాడూ ఫిన్ పంపుతాడు, ఇవతలివాడు అందిందంటాడు. ఆ చివరి జవాబు దారిలో పోతే? అందుకే ముందుగా ముగించినవాడు కాసేపు అక్కడే నిలబడాలి. ఆలస్యంగా తిరుగుతున్న పాత ప్యాకెట్ ఏదైనా అదే నంబర్‌తో తెరిచిన కొత్త కనెక్షన్‌లో దూరకుండా చూసేదీ ఈ నిరీక్షణే. 1981 సెప్టెంబర్‌లో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 793లో ఇదంతా ఉంది. 2022 ఆగస్టులో దాని స్థానంలో ఆర్‌ఎఫ్‌సీ 9293 వచ్చినా ఈ నియమం అలాగే నిలిచింది. లినక్స్‌లో ఆ నిరీక్షణ 60 సెకన్లు. 28,232ను 60తో భాగిస్తే సెకనుకు 470 చిల్లర. అక్క అడిగింది 600. మొదట వాడిన పోర్ట్‌లకు విడుదల కావడానికి ఇంకా పదమూడు సెకన్లు ఉండగానే సంచి ఖాళీ అయింది.

"టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్ అని ఒక సెట్టింగ్ ఉంటదక్కా. ఒకటి పెడితే అన్నీ తొందరగ పోతయి."

"అది లేదిప్పుడు. లినక్స్ 4.12 కెర్నల్‌లనే తీసేసిన్రు, 2017ల. ఎందుకు తీసేసిన్రో తెలుసా?"

తెలియదన్నట్టు తలూపాడు. ఇది వినాల్సిన మాట, మీరూ కాస్త ముందుకు జరగండి. ఆ సెట్టింగ్ ఒక ఐపీ నుంచి వచ్చే ప్యాకెట్లన్నీ ఒకే మెషిన్‌వి అనుకుంటుంది, వాటి టైమ్‌స్టాంప్‌లు పెరుగుతూనే ఉండాలంటుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో అలా ఉండదు. ఈ గల్లీలోని నలభై ఫోన్లు మొబైల్ కంపెనీ నాట్ వెనక నుంచి ఒకే ఐపీతో బయటికి రావచ్చు, ఒక్కో ఫోన్ టైమ్‌స్టాంప్ ఒక్కో తీరు. సర్వర్ కొందరి కనెక్షన్ రిక్వెస్టును చప్పుడు లేకుండా పడేస్తుంది. ఒకరికి సైటు తెరుచుకుంటుంది, పక్కింటివారికి తెరుచుకోదు, లాగ్‌లో కారణం కనిపించదు. పాత నోట్సులో చూసి ఆ సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఇలా కస్టమర్లను పోగొట్టుకున్నారు. టైమ్‌వెయిట్ జబ్బు కాదు. అది కనిపించగానే తీసేయాలని చూడటమే జబ్బు.

అక్క సర్వర్‌ను ముట్టుకోలేదు. టెస్టును మార్చింది. నిజంగా కొనేవాడు ఒక పేజీ చూసి పోడు. మెనూ చూస్తాడు, హోటల్ ఎంచుకుంటాడు, ఎన్ని పార్సిళ్లో చెబుతాడు, డబ్బు కడతాడు, టోకెన్ చూసుకుంటాడు. అతని ఫోన్ అయిదు పేజీలకూ ఒకే కనెక్షన్ వాడుకుంటుంది. 800 మంది కస్టమర్లను అలా రాసి, మధ్యలో ఆలోచించుకునే సమయం పెట్టింది. ఇప్పుడు సెకనుకు 120 కొత్త కనెక్షన్లు చాలు, పేజీలు మాత్రం అవే 600. లోడ్ టెస్టు రాసేవాళ్లు ముందు తమ మెషిన్నే అనుమానించాలని నా గట్టి నమ్మకం. ఆ పని చేయకుండా సర్వర్ మీద తేల్చిన తీర్పులు చాలావరకు చెల్లవు.

కిందినుంచి చాయ్ వచ్చింది. ఫలక్‌నుమా వైపు పోయే ఎంఎంటీఎస్ చప్పుడుకు కిటికీ అద్దం కాసేపు అదిరింది.

రెండో టెస్టు మొత్తం బుకింగ్‌ది. వచ్చినవాళ్లలో మూడోవంతు మంది డబ్బు కడతారు, అంటే సెకనుకు 40 చెల్లింపులు. నిజమైన పేమెంట్ కంపెనీ సర్వర్‌ను ఇలా బాదకూడదు కాబట్టి, మూడో మెషిన్‌లో దానికి ఒక నకలు పెట్టారు. అయిదు సెకన్లు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను ఆ నకలు తనే మూసేస్తుంది. అక్క దానికి ఇంకో గుణం కూడా పెట్టింది: వందలో మూడింటికి 'ఇప్పుడు కాదు' అని 503 జవాబు ఇవ్వాలి. అన్నీ సవ్యంగా జరిగే టెస్టు ఆమె దృష్టిలో టెస్టే కాదు.

మొదలైంది. అంతా పచ్చగా ఉంది. కుర్రవాడు గ్లాసు పెదవుల దాకా తెచ్చాడు. ఎనభై సెకన్లు దాటాక వరుసల వేగం తగ్గింది. తొంభై దగ్గర పూర్తిగా ఆగిపోయింది. ఎరుపు లేదు, పచ్చా లేదు. సర్వర్‌లో సీపీయూ రెండు శాతం. మెమరీ సగం ఖాళీ. డిస్క్ నిశ్శబ్దం. ఏ పనీ చేయడం లేదు, అలాగని చచ్చిపోనూ లేదు. ఇంకో నిమిషానికి 504లు కుప్పగా పడ్డాయి. రిక్వెస్టులు అందుకునేందుకు ముందు నిలబడ్డ ఎన్‌జిన్‌ఎక్స్, వెనక కుర్రవాడి ప్రోగ్రామ్‌ను నడిపే టామ్‌క్యాట్ జవాబు కోసం 60 సెకన్లు చూసి వదిలేసింది. ఆ గడువు దాని సహజమైన సెట్టింగ్.

"రీస్టార్ట్ చేస్తే..."

"జర ఆగు. చంపితే ఏం దొరకది మనకు."

ఆమె ఎస్‌ఎస్ కొట్టింది. ఈసారి టైమ్‌వెయిట్ కాదు. క్లోజ్‌వెయిట్. ఎనిమిది వందల చిల్లర. అవతలివాడు ఫిన్ పంపాడు, మన కెర్నల్ అందిందని చెప్పింది, మన ప్రోగ్రామ్ మాత్రం ఇంకా మూయలేదు అని దాని అర్థం. దీనికి కెర్నల్‌లో గడువు లేదు. ప్రోగ్రామ్ ఇంకా ఏదైనా పంపాలనుకుంటుందేమో కెర్నల్‌కు తెలియదు కాబట్టి అది జోక్యం చేసుకోదు. మూయాల్సింది మనమే. నెట్‌వర్క్‌నో కేబుల్‌నో తిట్టి లాభం లేదు.

"ఎన్‌జిన్‌ఎక్స్ దిక్కు ఉన్నయక్కా అన్నీ. 8080 మీద. దాని కాన్ఫిగరేషన్ల ఏదో ఉంది."

"అన్నీ కావు. వేరుచేసి చూడు."

వేరుచేశాడు. టామ్‌క్యాట్ వినే 8080 పోర్ట్ మీద ఏడు వందల చిల్లర. నకలు పేమెంట్ సర్వర్ 9090 వైపు పోయినవి 100. మళ్లీ కొట్టాడు. 8080 వైపు ఇంకా పెరిగాయి, 9090 వైపు 100. ఇంకోసారి కొట్టాడు. మొదటి అంకె వెయ్యి దాటింది. రెండోది 100.

పెరిగే అంకె వైపే ఎవరి కళ్లయినా పోతాయి. మీరూ దాన్నే చూస్తున్నారు. అక్క మాత్రం ఆగిన అంకె మీద వేలు పెట్టింది. "ఇది ఎవరో రాసిన అంకె. లోడ్‌తోని వచ్చే అంకె ఇంత గుండ్రంగ ఉండది. వంద ఎక్కడ రాసినవ్?"

కుర్రవాడు తడుముకోలేదు. "పూల్ సైజు. పేమెంట్‌కు పోయే కనెక్షన్ల పూల్. మామూలుగ లైబ్రరీ రూటుకు రెండే ఇస్తది, మొత్తం ఇరవై. తక్కువైతదని నేనే వంద పెట్టిన."

మీ ముందే ముడి విడుతోంది, చూడండి. ఆమె ఇంకా రీస్టార్ట్ చేయనివ్వలేదు. జేస్టాక్‌తో టామ్‌క్యాట్ థ్రెడ్లు ఏం చేస్తున్నాయో రాయించింది. టామ్‌క్యాట్‌కు సహజంగా 200 థ్రెడ్లు. ఆ 200 థ్రెడ్లూ ఒకే చోట, పూల్‌లో ఒక కనెక్షన్ ఖాళీ అవుతుందేమోనని ఎదురుచూస్తూ ఉన్నాయి. కనెక్షన్ కోసం ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే ఆ లైబ్రరీ ఎప్పటికీ ఆగుతుంది. థ్రెడ్లన్నీ అక్కడ నిలిచిపోయాక, ఎన్‌జిన్‌ఎక్స్ విసిగి మూసిన కనెక్షన్లను ఇటువైపు చూసి మూసేవాళ్లు లేరు. 8080 మీద పెరుగుతున్న వెయ్యి అలా వచ్చింది. అది పర్యవసానం. కారణం ఆ వందలో ఉంది.

వందలో ఒక్కో వరుసా చూడండి. రిసీవ్ క్యూ దగ్గర 1 అని ఉంది. ఆ ఒకటి డేటా కాదు, ప్రోగ్రామ్ ఇంకా చదవని ఫిన్. అక్క మూడో మెషిన్‌లోకి వెళ్లి అదే కమాండ్ కొట్టింది. అక్కడ ఆ కనెక్షన్ల జాడే లేదు. తను మూసి, ఇటునుంచి ఫిన్ రాకపోతే, ఒక నిమిషం చూసి ఆ కెర్నల్ వాటిని మరిచిపోయింది. అవతల ఎవరూ లేని వంద లైన్లను ఈ ప్రోగ్రామ్ ఒక్కటే పట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు కోడ్ చూపించు. డబ్బు కట్టేది."

ఇద్దరూ ఒకే తెర మీదికి వంగారు. జవాబు బాగుంటే చివరిదాకా చదువుతుంది. చదవడం పూర్తయితే కనెక్షన్ దానంతట అదే పూల్‌లోకి వస్తుంది. జవాబు బాగాలేకపోతే? మూడో వరుసలోనే ఎక్సెప్షన్ విసిరి బయటపడుతుంది. జవాబు చదవదు, మూయదు. పూల్ లెక్కలో ఆ కనెక్షన్ ఇంకా ఎవరి చేతిలోనో ఉన్నట్టే.

కుర్రవాడు వేళ్ల మీద లెక్క వేశాడు. సెకనుకు 40 చెల్లింపులు, వందకు మూడు తప్పులు, సెకనుకు 1.2 కనెక్షన్లు. వంద కావడానికి 83 సెకన్లు. "సరిగ్గ అప్పుడే ఆగింది," అన్నాడు నెమ్మదిగా. పూల్‌ను రెండు దగ్గరే ఉంచి ఉంటే, తన టేబుల్ మీద చేసుకున్న చిన్న పరీక్షలో రెండో తప్పు జవాబుతోనే ఇది బయటపడేది. వంద చేయడం వల్ల తప్పు పోలేదు, నిమిషంన్నర వెనక్కి జరిగింది. వెయ్యి చేసి ఉంటే పద్నాలుగు నిమిషాలు వెనక్కి జరిగేది. ఇఫ్తార్‌కు ముందు గంటలో పద్నాలుగు నిమిషాలంటే, టెస్టులో దొరకకుండా జనం మధ్య దొరికే తప్పు.

అక్క రెండు మార్పులు చెప్పింది, రెండూ ఒకేసారి వద్దంది. ముందు గడువు: పూల్‌లో కనెక్షన్ కోసం రెండు సెకన్లకు మించి ఆగకూడదు. అదొక్కటే పెట్టి టెస్టు నడిపారు. సైటు వేలాడలేదు, మెనూ తెరుచుకుంటోంది. కానీ నిమిషంన్నర తర్వాత ఒక్క చెల్లింపు కూడా పోలేదు. 9090 వైపు మళ్లీ అదే 100. గడువు వల్ల నొప్పి తగ్గింది, రోగం అలాగే ఉంది. ఈ రెంటి తేడా కళ్లతో చూడాలనే ఆమె విడివిడిగా చేయించింది. ఈ ఓపిక ఉన్న టెస్టర్లు నాకు కొద్దిమందే తెలుసు.

ఆ తర్వాత అసలు మార్పు. 2011లో జావా 7తో వచ్చిన ట్రై విత్ రిసోర్సెస్‌లో జవాబును పెట్టాడు. ఎక్సెప్షన్ విసిరినా, విసరకపోయినా, బయటికొచ్చే ప్రతి దారిలోనూ మూసివేత జరుగుతుంది. తప్పు జవాబునూ చివరిదాకా చదివించాడు, కనెక్షన్ మళ్లీ పనికొచ్చేలా.

నడిపారు. ఎనభై సెకన్లు. తొంభై. కుర్రవాడు ఊపిరి బిగబట్టి ఉన్నాడు, మీరూ బిగబట్టే ఉన్నారు. రెండు నిమిషాలు, అయిదు, పది. వందకు మూడు చెల్లింపులు విఫలమవుతూనే ఉన్నాయి, కస్టమర్‌కు వెంటనే 'మళ్లీ ప్రయత్నించండి' అని వస్తోంది, మిగతా తొంభై ఏడు టోకెన్ దాకా పోతున్నాయి. అక్క టెస్టు ఆపి పది సెకన్లు ఆగి ఎస్‌ఎస్ కొట్టింది.

9090 వైపు క్లోజ్‌వెయిట్: 37.

"యా అల్లా," అన్నాడు కుర్రవాడు. "ఇంకా ఉన్నయేందక్కా?"

అక్క కంగారు పడలేదు. మళ్లీ అయిదు నిమిషాలు నడిపించి ఆపింది. ఈసారి 34. పెరగడం లేదు. "ఇవి పోయినవి కావు తమ్మీ. పూల్‌ల కూసున్నయి." టెస్టు ఆగాక పూల్‌లో ఖాళీగా మిగిలిన కనెక్షన్లను నకలు సర్వర్ అయిదు సెకన్లకు తన వైపు మూసేసింది. మన పూల్ ఎవరైనా అడిగేదాకా వాటిని తిరిగి చూడదు. చూసినప్పుడు చచ్చినదాన్ని పారేసి కొత్తది తెరుస్తుంది. ఎవరి చేతిలోనూ ఇరుక్కోలేదు. క్లోజ్‌వెయిట్ కనపడిన ప్రతి చోటా లీక్ ఉందనడం కూడా తొందరపాటే. అయినా ఆమె దాన్ని వదల్లేదు. చచ్చిన కనెక్షన్ చేతికొచ్చిన క్షణంలో ఒక చెల్లింపు తప్పిపోయే ప్రమాదం ఉంది కదా. మూడు సెకన్లు ఖాళీగా ఉంటే మనమే మూసేసేలా పూల్‌కు ఒక కాపలా పెట్టించింది, అవతలివాడి అయిదు కంటే తక్కువగా. అప్పుడు మూసేది ముందు మనం కాబట్టి మిగిలేవి టైమ్‌వెయిట్‌లు. నిమిషంలో పోతాయి.

మళ్లీ నడిపారు, ఆపారు, చూశారు. సున్నా.

ఆమె ఇంకా లేవలేదు. నకలు సర్వర్‌లో 3 కొట్టేసి 30 పెట్టింది. పండగ రోజుల్లో బ్యాంకులు తడబడితే అలాగే ఉంటుందంది. వందకు ముప్పై చెల్లింపులు తిరిగొస్తుంటే సైటు మందగించింది, కానీ ఆగలేదు. 9090 వరుసలు పుట్టాయి, పనిచేశాయి, మూసుకున్నాయి. కుర్రవాడు సైటు చేయించుకుంటున్న హోటల్ సేఠ్‌కు ఫోన్ చేసి చెబుదామని జేబులో చేయి పెట్టాడు.

"ఆగు. టోకెన్ నంబర్ మెసేజ్ ఎట్ల పోతది?"

"ఎస్సెమ్మెస్ కంపెనీకి ఇట్లనే ఒక కాల్ అక్కా. వేరే ఫైల్ల ఉంది."

"అదెవరు రాసిన్రు?"

"నేనే. పేమెంట్‌ది చూసి కాపీ కొట్టిన."

అక్క చాయ్ గ్లాసు పక్కకు జరిపి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అయితే తెరువు దాన్ని."